సొంత చేతి నిబంధన

అన్నదమ్ములు విడిపోయి పదకొండేళ్ళయింది. విడిపోయినవాళ్ళు ఎక్కడికైనా పోతే బాగుండేది, పోలేదు. అన్న కళ్ళద్దాల దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క, తమ్ముడు కూడా కళ్ళద్దాల దుకాణమే తెరిచాడు. అన్న బోర్డు మీద అక్షరాలు జానెడుంటే తమ్ముడు మూరెడు రాయించాడు. పొద్దున షట్టరు ఎత్తుతూ అన్న ఎదుటి షట్టరు వంక చూసి కాండ్రించి ఉమ్మేవాడు. తమ్ముడు ఉమ్మడు, గుమ్మంలో నిలబడి నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే అన్నకి అరికాలి మంట నెత్తికెక్కేది.

అయితే తమ్ముడికి లేనిది అన్నకి ఒకటుంది. ఏడు చేతుల సంఘంలో కుర్చీ.

ఆ సంఘం పుట్టుక గురించి కాస్త చెప్పుకోవాలి, ఈ గొడవకి వేరు అక్కడే ఉంది. నూరేళ్ళ పైమాట. ఎక్కడో ఒక నది పొంగి, రేవులో పడవలు ఆగిపోయి, ఓ వందమంది ఒక గోదాములో తొమ్మిది రోజులు చిక్కుకుపోయారట. వాళ్ళలో ఏడుగురు చేతిపని తెలిసినవాళ్ళు. ఒకడు వడ్రంగి, ఒకడు మందులు కలిపేవాడు, ఒకడు చెప్పులు కుట్టేవాడు, ఒకడు రొట్టెలు కాల్చేవాడు, ఇలా ఏ ఇద్దరిదీ ఒకే పని కాదు. ఎవరి పని వాళ్ళు చేసి ఆ వందమందినీ ప్రాణాలతో ఒడ్డుకి చేర్చారు. నీళ్ళు తీశాక, నెలకోసారి కలుద్దామనీ, కలిసినప్పుడల్లా ఊరికి పనికొచ్చేది ఒకటి చేద్దామనీ అనుకున్నారు. మూడు నియమాలు పెట్టుకున్నారు. ఒక పనికి ఒక్కరే సభ్యులు. ఆ పని సొంత చేతిదై ఉండాలి. సమావేశంలో పేర్లతో పిలుచుకోకూడదు, పని పేరుతోనే పిలవాలి. గోదాములో ఒకరి పేరొకరికి తెలియకముందే పని తెలిసింది మరి.

ఆ ఏడుగురి సంఘం ఇప్పుడు అరవై దేశాల్లో ఉంది. ఊరికో సంఘం, పది సంఘాలకో మండలం, మండలాలన్నీ కలిస్తే ప్రాంతం, అన్నిటి నెత్తినా ఒక కేంద్ర కార్యాలయం. ప్రతి మెట్టు మీదా ఏడాదికోసారి మనిషి మారిపోవాలి. ఎంత మొనగాడైనా రెండో ఏడు అధ్యక్షుడి గంట కొట్టడానికి వీల్లేదు. ఇదంతా ఇంత పెరిగేసరికి సొంత చేతి మాట ఏ మూలో పడిపోయింది. ఈ ఊరి సంఘంలో 'ఇళ్ళు' అనే కుర్చీలో కూర్చున్నాయనకి ఇటుక బరువెంతో తెలియదు. 'బట్టలు' గారికి సూదిలో దారం ఎక్కించడం రాదు. ఎవరూ ఎవర్నీ అడగరు. అడగడం మొదలుపెడితే అది తిరిగి తిరిగి తమ దాకా వస్తుందని అందరికీ తెలుసు.

అన్నకి ఒక్కడికే తెలియలేదు. ఆయన్ని సంఘంలో 'అద్దాలు గారు' అనేవారు. దుకాణం ముందుగది ఆయనది. వచ్చినవాళ్ళ కళ్ళు చూసి, పవరు కట్టి, చీటీ రాసి, గోడకున్న చిన్న కిటికీలోంచి వెనకగదిలోకి తోసేవాడు. సాయంత్రానికి ఆ కిటికీలోంచే తయారైన జత బయటికొచ్చేది. మధ్యలో జరిగేదాన్ని ఆయన 'లోపలి పని' అనేవాడు. అది ఆయన భార్య చూసుకునేది. ఆయన తండ్రి బతికున్న రోజుల్లో గాజు అరగదీసే ఆ సాన పని పెద్దకొడుక్కే నేర్పబోయాడు గానీ, పొడి పడక దగ్గొచ్చి కొడుకు రెండో రోజే బయటపడ్డాడు. అప్పుడా ముసలాయన కొత్తగా వచ్చిన కోడల్ని కూర్చోబెట్టి నేర్పాడు. 'ఈ ఊళ్ళో సగం కళ్ళకి నేనే అద్దాలు చేశాను' అని అద్దాలు గారు ఎన్ని సమావేశాల్లో చెప్పుకున్నాడో. అబద్ధం చెబుతున్నానని ఒక్కసారైనా అనిపించలేదాయనకి. అబద్ధమైతే కొంత నయం, చెప్పేవాడికైనా నిజం తెలిసుంటుంది.

తమ్ముడు మూడుసార్లు సంఘంలో చేరడానికి అర్జీ పెట్టాడు. అద్దాల కుర్చీ ఖాళీ లేదన్నారు. ఫ్రేముల పని చేస్తాను, ఆ కుర్చీ ఇవ్వండన్నాడు. అద్దాలూ ఫ్రేములూ ఒకటేనని అన్న లేచి గొంతు చించుకున్నాడు. మూడోసారి కూడా కాదనిపించుకున్నాక తమ్ముడు ఇంక అడగలేదు. ఊళ్ళో రెండో సంఘమే పెడతానన్నాడు.

సరిగ్గా ఆ ఏడే, పదిహేడేళ్ళు వంతు కోసం కాచుకున్న అన్నకి అధ్యక్ష పదవి వచ్చింది.

ఒక ఊళ్ళో రెండో సంఘం పుట్టాలంటే మొదటిది తల్లి సంఘంగా నిలబడాలి. కొత్తదానికి ఇరవైమంది సభ్యులుండాలి. ఒక్కొక్కరికీ ఒక్కో పత్రం. అందులో సభ్యుడి పని, ఆ పనిలో ఉన్న ఏళ్ళు, కింద ఒక వాక్యం: 'ఈ సభ్యుడు ఈ పనిని సొంత చేతితో చేయగా నేను కళ్ళారా చూశాను.' దాని కింద తల్లి సంఘం అధ్యక్షుడి సంతకం. తొంభై రోజుల్లో ఇరవై పత్రాలూ మండలాధికారికి చేరకపోతే అర్జీ కొట్టేస్తారు. మళ్ళీ పెట్టాలంటే మూడేళ్ళు ఆగాలి.

పదకొండేళ్ళలో మొదటిసారి తమ్ముడు రోడ్డు దాటి వచ్చాడు. కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇరవైమందివీ ఉన్నాయి అన్నయ్యా. నీ సంతకాలు కావాలి."

కూర్చోమని కూడా అనలేదు అన్న. పైకాగితం తీసి, చెయ్యి దూరంగా చాపి చదివాడు. "ఇక్కడేం రాసుందిరా?"

"కళ్ళారా చూశాను అని."

"చూశానా నేను?"

"ఎవరూ చూడరు. కట్టంతా ఒక్క ఊపున సంతకం పెట్టేస్తారు. మీ సంఘం పెట్టినప్పుడూ అంతే చేశారు."

"వాళ్ళు గడ్డి తింటే నేనూ తినాలా? ఒక్కొక్కణ్ణీ చూస్తాను. వాడి పని వాడు చేస్తుంటే ఎదురుగా నిలబడి చూస్తాను. చేతకానివాడెవడైనా దొరికాడా, కొట్టేస్తాను."

వెనకగదిలోంచి వదిన వచ్చి తయారైన జత ఒకటి బల్ల మీద పెట్టింది. మోచేతుల దాకా తెల్లటి పొడి. "బాగున్నారా వదినా?" అన్నాడు తమ్ముడు. ఆవిడ తలూపేలోగానే అన్న కసిరాడు. "పలకరింపులు తరవాత. లోపల పని లేదా నీకు?"

ఆవిడ లోపలికెళ్ళిపోయింది. తమ్ముడు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "కొట్టెయ్యడానికే చూస్తావని తెలుసు. చూడు. కానీ సరిగ్గా చూడు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తరవాతి మంగళవారం హోటల్ మేడ మీద భోజనాలయ్యాక అద్దాలు గారు గంట కొట్టి, సొంత చేతి నిబంధనని మళ్ళీ అమల్లోకి తెస్తున్నానని చెప్పాడు. కొత్తవాళ్ళకి మాత్రమే పెడితే చెల్లదని సంఘం కార్యదర్శి అడ్డుపడ్డాడు. ఆయన వకీలు. సంఘంలోనూ వకీలే.

"కొత్త సంఘానికో న్యాయం, మనకో న్యాయం అంటే మండలం ఒప్పుకోదు. తీర్మానం చేస్తే అందరికీ చెయ్యాలి. సొంత చేత్తో చెయ్యని పనికి కుర్చీ ఉండకూడదు, పాతవాళ్ళకైనా సరే."

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. 'ఇళ్ళు' గారు నీళ్ళు తాగాడు. 'బట్టలు' గారు కిటికీలోంచి బయటికి చూశాడు.

"అంత కంగారేంటండీ" అన్నాడు అద్దాలు గారు గొంతు తగ్గించి. "చూసేది ఎవరు? నేను. మనవాళ్ళని నేను చూడకుండానే చూసినట్టు. అవతలి సంఘం పుట్టిందంటే మీ మీ పోటీదారులు ఒక్కొక్కడూ అక్కడ కుర్చీ వేసుక్కూర్చుంటాడు, అది బాగుంటుందా?"

అది ఎవరికీ బాగుండదు. చేతులన్నీ లేచాయి. ఈ ఊళ్ళో నలుగురికీ మేలు చెయ్యడానికి పుట్టిన సంఘం ఎదుటివాడి నోరు నొక్కడానికి అంత ఒద్దికగా ఒక్కటైంది ఆ రోజే. వకీలు తీర్మానం రాసి, అధ్యక్షుడి సంతకం తీసుకుని, ఒక ప్రతి మండలానికి పంపాడు. ఎందుకు పంపారని అడిగితే, పంపాలి కాబట్టి పంపానన్నాడు.

అక్కణ్ణించి అద్దాలు గారు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. తాళాలు చేసేవాడి దగ్గర స్టూలు వేసుక్కూర్చుని తాళంచెవి అరగదీసినంతసేపూ చూశాడు. మంగలి దగ్గర ఇంకెవరూ లేకపోతే తన తలే అప్పగించాడు. కొత్త సంఘంలో ఒక నర్సుంది. సూది వెయ్యడం చూస్తేగానీ సంతకం పెట్టనన్నాడు. "అయితే చొక్కా చెయ్యి మడవండి" అందావిడ. రెండు రోజులు భుజం లేవలేదు. నొప్పికి మూలుగుతూనే ఆ పత్రం మీద సంతకం పెట్టాడు.

తమ్ముడి పనిని మాత్రం గంటన్నర చూశాడు. తమ్ముడి దుకాణంలో అద్దాలు బయటి ఊరినుంచి తయారై వస్తాయి. ఫ్రేములు మాత్రం వాడే చేస్తాడు. తీగ కాల్చి, వంచి, ముక్కు దగ్గర నొక్కి, చెవి వెనక ఎంత వంపు కావాలో మనిషి తలని చూసి చెబుతాడు. తప్పు పట్టడానికి ఎంత వెతికినా దొరకలేదు. దొరకలేదన్న ఉక్రోషంతో, సంతకం కింద ఎవరూ అడక్కపోయినా రెండు ముక్కలు గీకి వచ్చాడు: 'ఇతనిది ఫ్రేముల పని మాత్రమే. అద్దాల పని పూర్తిగా వేరు. అది ఇతనికి చేతకాదు.'

నాలుగు పేర్లు కొట్టేశాడు. తమ్ముడు నాలుగుసార్లూ పరిగెత్తి వేరేవాళ్ళని తెచ్చాడు. ఇంక గడువు మూడు రోజులుందనగా, రొట్టెల బట్టీ యజమాని దొరికాడు. ఆయన పదేళ్ళుగా కుర్చీలోంచి లేవలేదు, పిండిలో చెయ్యి పెట్టలేదు. పిసకమంటే నీళ్ళెన్ని పొయ్యాలో పనివాణ్ణి అడిగాడు. అద్దాలు గారు అక్కడికక్కడే ఆ పత్రం మీద అడ్డంగా గీత గీశాడు. "పనివాడు చేస్తుంటే మీరు చేసినట్టేనా అండీ? ఆ లెక్కన ఆ కుర్చీ పనివాడికి ఇవ్వాలి" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆయనకి తరవాత చాలా రోజులు గుర్తుంది.

పందొమ్మిది మిగిలాయి.

ఆ పూట ఇంట్లో అన్నం తింటూ హుషారుగా చెప్పుకొచ్చాడు. "పదేళ్ళు పనివాడు కాల్చిన రొట్టెలు తన పేరుతో అమ్ముకున్నాడు. చెయ్యని పనికి కుర్చీ కావాలట! సిగ్గుండాలి మనిషికి."

"అవును, ఉండాలి" అంది భార్య. ఆయన కంచం తీసింది. ఆయన ఇంకా రెండు ముద్దలు తినాల్సి ఉంది.

గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. మూడింటికి హోటల్ మేడ మీద హాల్లో మండలాధికారి కూర్చుంది. ఆవిడ వంతెనలు కట్టే ఇంజినీరు. మండలమంతా ఆవిణ్ణి 'వంతెనలు గారు' అంటారు. మాట తక్కువ మనిషి. పత్రాలు ఒక్కొక్కటీ తిరగేసి, పందొమ్మిదో దాని దగ్గర ఆగింది.

"ఇరవయ్యోది?"

"లేదండీ" అన్నాడు అద్దాలు గారు. విచారంగా చెప్పాలని ఇంటి దగ్గరే అనుకున్నాడు గానీ గొంతులోంచి సంబరం పొంగి బయటపడింది. "ఎంతో ప్రయత్నించారు పాపం. నిబంధన నిబంధనే కదా. మూడేళ్ళ తరవాత చూద్దాం."

"ఉంది" అన్నాడు తమ్ముడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు తోసుకుని అద్దాలు గారి భార్య లోపలికొచ్చింది. పని దుస్తుల మీదే ఉంది. మోచేతుల దాకా పొడి ఉండనే ఉంది. చేతిలో పేరు మాత్రం రాసిన పత్రం. తెచ్చి వంతెనలు గారి ముందు పెట్టింది.

అద్దాలు గారికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఇంట్లో ఏదైనా జరిగిందేమో, గ్యాస్ గానీ వదిలేశారేమో అనుకున్నాడు. "ఏంటి ఇలా వచ్చావు? దుకాణంలో ఎవరున్నారు?"

"తాళం వేసి వచ్చాను."

"ఎవరండీ ఈవిడ?" అంది వంతెనలు గారు.

"నా భార్య."

"ఆవిడ పని ఏంటని అడుగుతున్నాను. భార్య అనే కుర్చీ మన సంఘంలో లేదు."

"అద్దాలు అరగదీస్తానండీ" అంది ఆవిడే. "సాన పని."

వెనక బల్ల దగ్గర వకీలు దగ్గాడు. అద్దాలు గారు కుర్చీలోంచి లేచాడు. తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు. వెంటనే ఒక ఉపాయం తట్టింది. "కుదరదండీ! వీడికి అద్దాల దుకాణమే ఉంది. ఒక పనికి ఒక్కరేగా, ఆ కుర్చీ వీడిదయింది. అద్దాలూ ఫ్రేములూ ఒకటే, మా సంఘం మూడుసార్లు తేల్చిన విషయం."

వంతెనలు గారు కట్టలోంచి ఒక కాగితం లాగి, వేలు పెట్టి చదివింది. "'అద్దాల పని పూర్తిగా వేరు. అది ఇతనికి చేతకాదు.' ఈ రాత మీదేనా?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"మీదే. మంచిది. అయితే ఇంక ఒక్కటే మిగిలింది. ఈవిడ ఈ పని చేస్తుంటే మీరు కళ్ళారా చూశారా?"

చూశానంటే వాడి సంఘం పుడుతుంది. అంతటితో ఆగదు. ఆ దుకాణంలో అద్దాలు అరగదీసేది ఈవిడైతే, ఈయన పదిహేడేళ్ళు ఏ పని పేరుతో కుర్చీలో కూర్చున్నాడు? తీర్మానం ప్రతి మండలంలో ఉంది, దాని మీద సంతకం ఈయనది. చూడలేదంటే? చూడలేదంటే బతికిపోవచ్చు. చూడనిదానికి సంతకం ఎలా పెడతారు?

"నేను చూడలేదండీ" అన్నాడు తలెత్తి. "నిజం చెబుతున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు."

గెలిచాననుకున్నాడు. అప్పుడు ఆ మాట తనకే వినబడింది. అది ఎత్తు కాదు, అబద్ధమూ కాదు. నిజంగానే చూడలేదు. కిటికీలోంచి చీటీ తోసినప్పుడు అవతల ఒక చెయ్యి కనబడేది, అంతే.

"పెళ్ళయి ఎన్నేళ్ళయింది?" అంది వంతెనలు గారు.

"ముప్ఫై ఒకటి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. గడియారం చూసింది. "మూడున్నర కూడా కాలేదు. దుకాణం ఎంత దూరం?"

"పక్క వీధే" అన్నాడు తమ్ముడు.

"ఈ పత్రం తీసుకెళ్ళి చూసి రండి. నేనిక్కడే ఉంటాను. అందరివీ చూశారు, ఈవిడదీ చూడాలి. చూసి కూడా చేతకాదనిపిస్తే కొట్టెయ్యండి, నేనేమీ అనను."

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆవిడ ముందు, ఆయన వెనక. దారిలో ఒకసారి "నన్ను నలుగురిలో ఇలా" అని మొదలుపెట్టాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. తాళం తీసి, ముందుగది దాటి, వెనకగది తలుపు తోసి లోపలికెళ్ళింది. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లైటు స్విచ్చి ఎక్కడుందో ఆయనకి తెలియదు.

చిన్నగది. ఒక్కటే కిటికీ. గోడ పొడుగునా ఇనప గిన్నెలు, ఒక్కోటీ ఒక్కో లోతు, తండ్రి కాలంనాటివి. వాటి అంచుల మీద సుద్దతో రాసిన అంకెలు భార్య చేతివని గుర్తుపట్టాడు. చాకలి పద్దులో చూశాడు ఆ అంకెల్ని. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. అది ఆవిడది. నిలబడ్డాడు.

ఆవిడ దళసరి గాజు బిళ్ళని లక్కతో ఒక పిడికి అంటించింది. ఆరేలోగా చీటీ చూసి, గోడ మీంచి ఒక గిన్నె తీసి యంత్రానికి బిగించింది. గరుకు పొడి తడిపి గిన్నెలో వేసింది. యంత్రం తిరగడం మొదలైంది. గాజుని గిన్నెలో ఆనించి, భుజాలతో కాకుండా నడుముతో బరువు మోపుతూ, ఒక లయలో పిడిని తిప్పింది. పది నిమిషాలకి ఆపి, కడిగి, కళ్ళు మూసుకుని బొటనవేలితో గాజుని తడిమింది. తల అడ్డంగా ఊపి మళ్ళీ పెట్టింది. పొడి మార్చింది, మెత్తటిది. మళ్ళీ ఆపింది, కడిగింది, కళ్ళు మూసుకుంది. ఆ బొటనవేలికి గోరు సగమే ఉంది. ఎప్పుడు అరిగిందో ఆయనకి తెలియదు.

"జరగండి, వెలుతురుకి అడ్డం నిలబడ్డారు" అంది.

జరిగాడు. పొడికి గొంతు గరగరలాడింది, దగ్గు వచ్చింది. ఆపుకోబోయి ఇంకా దగ్గాడు. మంగలి దగ్గరా తాళాలవాడి దగ్గరా తప్పులు వెతికిన కళ్ళు ఇక్కడా వెతికాయి. ఒక్కటీ దొరకలేదు. తన తండ్రి చెయ్యి ఇలాగే తిరిగేది. ఆ చెయ్యి తనకొస్తుందని తండ్రి ఆశపడ్డాడు. అది ఈవిడకొచ్చింది. ఆయనకి సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఒళ్ళు మండింది. మండినా ఎవరి మీద మండాలో తెలియలేదు.

నాలుగూ ఇరవైకి ఆవిడ యంత్రం ఆపింది. గాజు బిళ్ళని కిటికీ వైపు పెట్టి చూసి, ఆయన చేతిలో పెట్టింది. "చూశారుగా. నింపండి."

పత్రం బల్ల మీద పరిచాడు. పని వివరాలు అధ్యక్షుడు తన చేత్తో నింపాలి. పెన్ను తీశాడు. ఇంటి కాగితాల్లో, బడి అర్జీల్లో, బ్యాంకులో ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆవిడ వివరాలు రాస్తున్న చెయ్యి అది. 'పని' అన్న గడిలో దానంతట అదే 'గృహిణి' అని రాసేసింది.

ఆవిడ వంగి చదివింది. "కొట్టెయ్యండి."

కొట్టేశాడు.

"కొట్టివేత పక్కన సంతకం కావాలి. అది మీ నిబంధనే."

సంతకం పెట్టాడు. పైన 'అద్దాల సాన పని' అని రాశాడు. "ఎప్పట్నించి?" అన్నాడు తలెత్తకుండా.

"పెళ్ళయిన మూడో నెల నించి."

రాశాడు. ఇంక కింద సంతకం ఒక్కటే మిగిలింది. పెన్ను అక్కడికొచ్చి ఆగిపోయింది. "ఇది పెట్టానంటే నా కుర్చీ పోతుంది. వచ్చే మంగళవారం వకీలు లేచి అడుగుతాడు, నీ సొంత చేతి పని ఏంటయ్యా అని. ఏం చెప్పను? ఆలోచించావా? వాడి సంఘం కోసం నా పరువు తీస్తావా?"

"మీ తమ్ముడి సంఘం కోసం వచ్చాననుకుంటున్నారా?" అంది ఆవిడ. చేతులు కడుక్కుంటూ, ఆయన వైపు చూడకుండా, రోజూ కూర ఏం చెయ్యమంటారని అడిగే గొంతుతోనే అంది. "ఇరవయ్యో మనిషి కావాలని అతనొస్తే రెండు రోజులు కాదన్నాను. మీ కుర్చీ పోతుందని తెలిసే ఒప్పుకున్నాను."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"బలవంతం ఏం లేదు. పెట్టకపోతే మానెయ్యండి. ఈవిడకి పని చేతకాదని రాసి ఇవ్వండి. రేపు పొద్దున ఈ గది మీరే తెరుచుకోండి. గోడకి ఆరు చీటీలున్నాయి, సోమవారానికి ఇస్తామని మీరే చెప్పారు."

ఆయన యంత్రం వంక చూశాడు. పక్కన రెండు మీటలున్నాయి. ఏది నొక్కితే తిరుగుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో తెలియదు. గోడ గడియారం ఐదుకి పావుగంట తక్కువ చూపిస్తోంది.

కళ్ళారా చూశాను అన్న వాక్యం కింద సంతకం పెట్టాడు.

ఆవిడ కాగితం అందుకుని, సిరా ఆరిందో లేదో అరిగిన బొటనవేలితో తాకి చూసి, మడిచి ఆయన జేబులోనే పెట్టింది. "ఐదయ్యేలోగా ఇచ్చిరండి" అని స్టూలు లాక్కుని కూర్చుంది. "వెళ్తూ ఆ తలుపు వేసెయ్యండి, దుమ్ము ముందుగదిలోకి వస్తుంది."